హైతీ నర్సమ్మ, నేను తప్పు చెప్పిన వాంగ్మూలం

ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు అడుగుతుంటారు, ఇన్నేళ్ళ సర్వీసులో మీకు బాగా గుర్తుండిపోయిన ఫైలు ఏదమ్మా అని. ఏదో సాధించిన కథ చెబుతానని ఎదురుచూస్తారు. నాకు గుర్తున్నది మాత్రం నేను చేసిన ఒక తప్పు. పేర్లు చెప్పను. అందులో ఉన్నవాళ్ళు చాలామంది ఇప్పుడు లేరు, ఉన్నవాళ్ళకు నా వల్ల ఇబ్బంది రాకూడదు.

1986లో నేను తమిళనాడులోని ధర్మపురిలో ఒక రెవెన్యూ ఆఫీసులో టైపిస్టుని. మా ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడి తమిళం, బజారు తమిళం, ఆఫీసు నుంచి పైకి పోయే కాగితాలు ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు అప్పట్లో నాకు రావు. రిటైరయ్యాక మా చెల్లెలి కోడలి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. రాయడం రాకపోయినా మాట్లాడటం వచ్చు గనుక టైపు మిషనుతో పాటు ఇంకో పని నా నెత్తిన పడింది. మా జిల్లాలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కూలీలు, పశువుల కాపరులు విచారణకు వస్తే, వాళ్ళ మాటలను అధికారికి తమిళంలో చెప్పాలి. దానికి ఆర్డరు లేదు, శిక్షణ లేదు. "నీకు వచ్చు కదమ్మా" అన్నారు, అంతే.

మా హెడ్ క్లర్కు మూడేళ్ళలో రిటైరు కాబోతున్న మనిషి. నేను చేరిన మొదటి వారంలోనే నన్ను పిలిచి, "టైపిస్టుకు కళ్ళూ వేళ్ళూ ఉంటే చాలు, చెవులు అక్కర్లేదు" అన్నాడు. ఆ సలహాను నేను చాలా శ్రద్ధగా పాటించాను.

కడత్తూరు దాటాక ఒక రాళ్ళ క్వారీ ఉండేది. దాని పక్కనే ముప్పై గుడిసెలు, అందరూ తెలుగువాళ్ళే. మగవాళ్ళు బండకు తూట్లు వేసి మందు దట్టించి పేలుస్తారు. ఆడవాళ్ళు ఎండలో కూర్చుని ఆ రాళ్ళను సుత్తులతో కంకరగా కొడతారు. పేల్చే ముందు మూడుసార్లు ఈల ఊదాలి, దారి మీద ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. ఆ మార్చిలో ఒక మధ్యాహ్నం, నీళ్ళ బిందెతో వస్తున్న ఒక అమ్మాయి తలకు ఎగిరివచ్చిన రాయి తగిలింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. ఆమెకు పదడుగుల వెనక, ఇంకో బిందెతో వస్తున్నది ఆమె అత్త. జరిగింది కళ్ళారా చూసింది ఆవిడ ఒక్కతే.

వారం తర్వాత ఆ ఊరి బడి వరండాలో విచారణ. మా అధికారి కుర్రవాడు, కొత్తగా వచ్చినవాడు. చెడ్డవాడు కాడు, కానీ ఆ రోజు ఇంకా రెండు ఊళ్ళు తిరగాలి. క్వారీ మేస్త్రి ముందు మాట్లాడాడు. మూడుసార్లు ఈల ఊదామని, జెండా పట్టామని చక్కటి తమిళంలో గడగడా చెప్పాడు. తర్వాత అత్తను పిలిచారు. యాభై దాటిన మనిషి. రాతి పొడి పట్టిన ఊపిరితో మాట మధ్యలో ఆగి ఆగి చెప్పింది.

"ఈల వినపళ్ళేదు సామీ. ఎవురికీ వినపళ్ళేదు."

ఈల ఊదనే లేదని ఆవిడ చెబుతోంది. అక్కడున్న ఏ తెలుగు మనిషికైనా అది అర్థమవుతుంది. నాకూ అర్థమైంది. నేను అధికారి వైపు తిరిగి తమిళంలో "విసిల్ కేక్కలై" అన్నాను. ఆ తమిళ మాటకు వినపడలేదని ఒక అర్థం, వినిపించుకోలేదని ఇంకో అర్థం. ఎవరికీ వినపడలేదన్న రెండో మాట నేను చెప్పేలోపే ఆయన ఇంగ్లీషులో డిక్టేషన్ మొదలుపెట్టాడు. నేను మిషను మీద వేళ్ళు పెట్టాను. హెచ్చరికగా ఈల ఊదినా చనిపోయిన స్త్రీ లక్ష్యపెట్టలేదని సాక్షి చెప్పినట్టు ఆ వాక్యం తయారైంది. కొడుతుండగానే ఎక్కడో తేడా పడిందని నాకు తెలిసింది. సార్, ఒక్క నిమిషం అనాలి. అనలేదు. ఆవిడ వేలికి సిరా పూసి కాగితం మీద ఒత్తించారు. మృతురాలి నిర్లక్ష్యమే కారణమని రాసి ఫైలు మూసేశారు.

ఒక నెల గడిచింది. ఒక రోజు నా బల్ల ముందుకు ఒక పొడవాటి స్త్రీ వచ్చి నిలబడింది. నల్లజాతి మనిషి, యాభై ఏళ్ళుంటాయి, తెల్ల గౌను, కాళ్ళకు రబ్బరు చెప్పులు. క్వారీకి రెండు మైళ్ళ దూరంలో ఉన్న మిషన్ వైద్యశాలలో నర్సు. చుట్టుపక్కల అందరూ ఆమెను నర్సమ్మ అనేవారు. ఆఫ్రికా నుంచి వచ్చిందని అనుకునేవారు. ఆమె ఓపికగా మందుల చీటీ వెనక ఒక దీవి బొమ్మ గీసి, "హైతీ" అని చెప్పేది. తన అన్నను అక్కడి నియంత మనుషులు పట్టుకుపోయాక, దేశం విడిచి, ఎక్కడెక్కడో పనిచేసి మా జిల్లాకు చేరిందట. పదేళ్ళుగా ఉంటోంది కాబట్టి తమిళం వచ్చు, అయితే జరిగిపోయినవాటిని కూడా ఒక్కోసారి జరుగుతున్నట్టే చెప్పేది.

"క్వారీ అత్త దగ్గు మందుకు వస్తుంది" అంది. "మేస్త్రి ఆమెను ఎగతాళి చేస్తాడు. తప్పు నీ కోడలిదేనని నువ్వే చెప్పావు, కాగితంలో ఉంది అంటాడు. ఆమె అలా చెప్పలేదంటుంది. ఆ కాగితం ఏమంటుంది?"

ఫైలు చూపించకూడదు. అందులో ఉన్న వాక్యం మాత్రం నాకు కంఠతా ఉంది. చెప్పాను.

"ఆమె చెప్పింది ఇదేనా?"

"దాదాపు ఇదే."

"దాదాపు అంటే ఎంత?"

నేను మిషనులోకి కొత్త కాగితం ఎక్కించసాగాను. ఆమె కోప్పడలేదు. ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చుని తన తల్లి సంగతి చెప్పింది. తల్లి కొండల నుంచి గంప నెత్తిన పెట్టుకుని పట్నానికి నడిచివెళ్ళి కూరగాయలు అమ్మేదట. వాళ్ళ దేశంలో అందరూ ఇంట్లో, సంతలో క్రియోల్ మాట్లాడతారు. కోర్టుల్లో, ఆఫీసుల్లో మాత్రం ఫ్రెంచి. ఒకసారి పొలం కాగితం మీద తల్లి సంతకానికి బదులు గీత గీసింది. చదివి చెప్పినవాడు ఒకటి చెప్పాడు, కాగితంలో ఇంకొకటి ఉంది. పొలం పోయింది.

"చదివి చెప్పినవాడు మా ఊరివాడే. దుర్మార్గుడు కాడు. పెద్దవాళ్ళ ముందు నోరు తెరవడానికి భయపడ్డాడు" అని లేచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం హెడ్ క్లర్కుకు అంతా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మూసిన ఫైలు నువ్వు చెబితే తెరుచుకోదు. సాక్షి తనంతట తాను వచ్చి అధికారి ముందు కాదనాలి. వచ్చేవాళ్ళు ఉంటారా? మేస్త్రి రేపటి నుంచి పని ఇవ్వడు" అన్నాడు.

మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం వైద్యశాల వరండాలో ఆ అత్తను కలిశాను. నర్సమ్మే రమ్మంది. క్వారీ ఆడవాళ్ళు పదిహేనుమంది దాకా వచ్చారు. కాగితంలో ఏముందో, అది అలా ఎందుకైందో నేను తెలుగులో చెప్పాను. నా తప్పు దాచలేదు. ఆవిడ నా మీద అరవలేదు. నన్ను తిట్టినా బాగుండేది.

"నా నోట్లోంచే నా కోడలి మీద నింద ఏపించినావు గదా అమ్మణ్ణీ" అంది. "అది నా ఎనక నడవాల. నాకు దగ్గొస్తా ఉండాదని, నేను నిదానంగా వస్తా నువ్వు ముందర పో అని నేనే అంటిని."

పక్కనున్న ఆడవాళ్ళు ఏడ్చారు. ఆవిడ ఏడవలేదు.

అప్పుడు నర్సమ్మ లోపలికి వెళ్ళి ఒక ఉత్తరం తెచ్చింది. హైతీలో ఉన్న ఆమె చెల్లెలు రాసినది. దాంతో పాటు పత్రికలోంచి కత్తిరించిన ఒక ఫోటో. రోడ్డు నిండా ఆడవాళ్ళు నడుస్తున్నారు. ఆ ఫిబ్రవరిలోనే నియంత కుటుంబం విమానమెక్కి పారిపోయింది. ఏప్రిల్‌లో దేశ రాజధానిలో వేలమంది ఆడవాళ్ళు ఊరేగింపుగా వెళ్ళారు. కొత్తగా రాసుకునే చట్టాల్లో మమ్మల్ని కూడా మనుషులుగా లెక్కపెట్టండి అని అడిగారు. నర్సమ్మ తమిళంలో చెబుతుంటే నేను తెలుగులో చెప్పాను. ఈసారి ఒక్క మాట కూడా వదలకుండా చెప్పాలని ఆగి ఆగి చెప్పాను.

ఫోటో చేతులు మారింది. అత్త దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని, "వీళ్ళు కూలోళ్ళా, దొరసానులా?" అని అడిగింది.

"కొందరు పంతులమ్మలు. కొందరు ఇళ్ళల్లో పాచిపనివాళ్ళు. మా అమ్మలా గంపలు మోసేవాళ్ళు ఎక్కువ" అంది నర్సమ్మ. గంపలవాళ్ళే కొండ మీది కబురు పట్నానికి, పట్నం కబురు కొండకు మోసేవారని, నియంత మనుషులు మగవాళ్ళను వెతికేవాళ్ళు గానీ గంపల్లో కబుర్లు వెతకలేదని చెప్పింది. ఇంకా పాత కథ ఒకటి చెప్పింది. రెండు వందల ఏళ్ళ కిందట బానిసలు తిరగబడినప్పుడు ఒక ఆడ సైనికురాలు ఫ్రెంచి వాళ్ళకు దొరికింది. ఆడదానివి గనుక నీ తల నరుకుతాం అన్నారట. నేను సిపాయిని, సిపాయిని కాల్చినట్టే కాల్చండి అని పట్టుబట్టి, తుపాకులకు ఎదురుగా నిలబడిందట.

"ఆ మాట ఆమె ఏ భాషలో చెప్పినాదో, వాళ్ళకు ఎవురు తిప్పి చెప్పినారో" అంది అత్త. అందరూ నా వైపు చూశారు.

ఒక చిన్న వయసు ఆమె అడిగింది. "కడకు గెలిచినారా నర్సమ్మా, మీ ఆడోళ్ళు?"

నర్సమ్మ గెలిచారని చెప్పలేదు. వాళ్ళ అమ్మ కాలంలో ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడి ఓటు తెచ్చుకున్నారట. దేశాధ్యక్షుడి ఎన్నికలో ఆడవాళ్ళు మొదటిసారి ఓటు వేసినప్పుడు గద్దెనెక్కినవాడే ఈ నియంత తండ్రి. "ఇప్పుడు వాళ్ళు పోయారు. తుపాకులు పోలేదు. అందుకని మా ఆడవాళ్ళు మళ్ళీ నడుస్తున్నారు" అంది.

కాసేపటికి అత్త చీర కొంగు దులుపుకుని లేచింది. "నేను ఒగదాన్నే పోతే గేటు కాడనే తరుముతారు. అందురూ పోతే ఏం జేస్తారు?"

నర్సమ్మను కూడా రమ్మన్నారు. ఆమె రానంది. "నేను వస్తే విదేశీ మనిషి రెచ్చగొట్టిందంటారు. నా దేశంలో నేను నడవలేదు, పారిపోయి వచ్చాను. మీ ఊళ్ళో మీరు నడవండి. మీ పిల్లల్ని నేను చూసుకుంటాను."

జూన్‌లో ఒక సోమవారం, అర్జీలు తీసుకునే రోజు. పాలకోడు టమేటా మార్కెట్‌కు ఖాళీగా పోతున్న లారీ ఎక్కి ముప్పై ఒక్కమంది ఆడవాళ్ళు మా ఆఫీసు ముందు దిగారు. ముందురోజు మేస్త్రి గుడిసె గుడిసెకూ తిరిగి, రేపు పనికి రానివాళ్ళు ఎల్లుండి కూడా రానక్కర్లేదని చెప్పి వెళ్ళాడు. అయినా వచ్చారు. మెట్ల మీద, నడవాలో, గోడ వారగా కూర్చున్నారు. కేకలు లేవు, నినాదాలు లేవు. ఆ నిశ్శబ్దానికే మా ప్యూన్ కంగారుపడ్డాడు.

అధికారి బయటికి వచ్చి విషయం విన్నాడు. వాళ్ళ ఫిర్యాదు అందింది, పరిశీలిస్తాం అని నాలుగు వాక్యాల కాగితం నాతో టైపు చేయించాడు. సిరా పెట్టె తెప్పించి, వేలిముద్రలు వేయమన్నాడు. ముందు వరసలో ఉన్న అత్త పిడికిలి బిగించి ఒళ్ళో పెట్టుకుంది. పక్కనున్నామె కూడా. వెనక నడవా చివరిదాకా అన్ని చేతులూ మూసుకున్నాయి.

"ఏమంటున్నారు?" అన్నాడాయన నాతో.

అత్త లేచి నిలబడింది. "ముందు సదవమను సామీ. మా మాటల్లో సదవమను. మేము చెప్పిందే అయితే ఏలు పెడతాము. కాకుంటే పెట్టము. మార్చిలో పెట్టిన ఏలు గూడా నాది గాదు. ఈల ఊదనే లేదు. ఊదింటే నా కోడలు ఆగిండేది. నేను ఆపిండేదాన్ని."

ఆమె మాటలన్నీ తమిళంలో చెప్పాను. ఒక్కటి వదల్లేదు. చెప్పి, "సార్, మార్చిలో నేను తప్పు చెప్పాను" అన్నాను.

"ఏమిటా తప్పు?"

చెప్పాను. తెలుగు మాట, తమిళ మాట, ఆయన ఇంగ్లీషు వాక్యం, మూడూ వరసగా. ఆయన ముఖం ఎర్రబడింది.

"మూడు నెలల తర్వాతా చెప్పడం? దీనివల్ల మీకు ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు సార్."

నిజానికి తెలియదు. ఇంట్లో మా నాన్న మంచం మీద ఉన్నాడు, ఉద్యోగం పోతే ఇల్లు గడవదు. అప్పుడు వెనక బీరువా తెరుచుకున్న చప్పుడైంది. చెవులు అక్కర్లేదని నాకు నేర్పిన హెడ్ క్లర్కు పాత ఫైలు తెచ్చి, దారం విప్పి, అధికారి ముందు పెట్టాడు. "సాక్షి స్వయంగా వచ్చి కాదంటోంది సార్. మళ్ళీ విచారించవచ్చు. రూలు ఉంది" అని ఎదురుగా నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

అధికారి ఆ ఫైలు మొదటినుంచీ తిరగేశాడు. ఆ తర్వాత ఆయన చేసిన పనికి నేను ఆయన్ని ఇప్పటికీ గౌరవిస్తాను. తన కుర్చీని నడవాలోకి వేయించుకుని కూర్చున్నాడు. ఆ రోజు ముప్పై ఒక్కమంది మాటలూ తీసుకున్నాడు. ప్రతి కాగితాన్నీ నేను తెలుగులో చదివి వినిపించాకే వేలిముద్ర. కొందరు రెండుసార్లు చదివించుకున్నారు. ఒకామె, నేను బట్టలు ఉతికేదానికి పోలేదు, గిన్నెలు కడిగేదానికి పోయినాను అని దిద్దించింది. ఆ మాటతో కేసుకు సంబంధం లేదు. అయినా దిద్దాం. అత్త అందరికంటే చివర వేలు పెట్టింది. మార్చి నాటి వాక్యాన్ని కొట్టివేయించి, ఆ గీత మీద నా చేత సంతకం చేయించాక పెట్టింది.

మళ్ళీ విచారణ జరిగింది. ఈల ఊదలేదని, జెండా మనిషి ఆ రోజు పనిలోకే రాలేదని తేలింది. కోడలి మీద రాసిన నింద కాగితాల్లోంచి పోయింది. క్వారీ కొన్ని నెలలు మూతపడింది. ఇది కూడా మీకు చెప్పాలి, లేకపోతే మళ్ళీ సగం మాటే చెప్పినదాన్నవుతాను. ఆ నెలల్లో ఆ గుడిసెల్లో పొయ్యిలు సరిగా వెలగలేదు. కొందరు బెంగుళూరుకు ఇళ్ళు కట్టే పనులకు వెళ్ళి తిరిగి రాలేదు. క్వారీ తెరిచినప్పుడు సైరన్ పెట్టారు. పేల్చే వేళ పలక మీద రాసి కట్టారు. నాకు మెమో ఇచ్చి హోసూరుకు బదిలీ చేశారు. బస్సెక్కించడానికి వచ్చిన హెడ్ క్లర్కు, "నా సలహా పాటించి ఉంటే ఇక్కడే ఉండేదానివి" అని నవ్వబోయి, నవ్వలేక, కిటికీలోంచి నా చేతికి రెండు అరటిపళ్ళు ఇచ్చాడు.

మరుసటి ఏడాది మొదట్లో నర్సమ్మ తన దేశానికి వెళ్ళిపోయింది. అత్త ఆమెను పట్టుకుని, "ముసిలిదానివైనావు, యాడికి పోతావు, ఈడనే ఉండు" అంది. నర్సమ్మ, "మీరు నడవడం చూశాక నాకు ఇక్కడ కూర్చోబుద్ధి కావడం లేదు" అంది. కొన్ని నెలలకు హోసూరు చిరునామాకు ఒక ఉత్తరం వచ్చింది. కొండల్లో ఆడవాళ్ళకు వాళ్ళ క్రియోల్‌లోనే అక్షరాలు నేర్పుతున్నానని, కొత్త రాజ్యాంగంలో ఆ భాషకు కూడా చోటు దొరికిందని, నవంబరులో ఓట్లు ఉన్నాయని, నా జీవితంలో మొదటిసారి వేయబోతున్నానని రాసింది.

నవంబరు చివర పత్రికలో లోపలి పేజీలో చిన్న వార్త చూశాను. హైతీలో ఓటు వేయడానికి నిలబడినవాళ్ళ మీద కాల్పులు జరిపారు. పోలింగు మధ్యలోనే ఆపేశారు. నేను రాసిన మూడు ఉత్తరాలకు జవాబు రాలేదు.

ఆదివారం బస్సెక్కి క్వారీకి వెళ్ళి చెప్పాను. కంకర కొడుతున్న చేతులు ఆగిపోయాయి. "ఆడోళ్ళుండారా ఆ వరసలో?" అని అడిగింది అత్త. ఉండే ఉంటారన్నాను. "మళ్ళా పోతారా?" అంది. నాకు తెలియదన్నాను. ఆవిడ సుత్తి అందుకుంది. ఆ వెనకే మిగతా సుత్తులూ మొదలయ్యాయి.

మూడేళ్ళకు, 1990 చివర్లో, ఆ దేశంలో ఓట్లు సవ్యంగా జరిగాయని పేపర్లో చదివాను. అప్పటికి తాత్కాలికంగా దేశాన్ని నడుపుతూ ఆ ఓట్లు జరిపించినది ఒక ఆడ జడ్జి. పేపరు పట్టుకుని వెళ్ళాను. అత్త అప్పటికి పని మానేసింది. గుడిసె ముందు నులకమంచం మీద కూర్చుని ఉంది, నాలుగు మాటలకు ఒకసారి ఊపిరి అందడం లేదు. నర్సమ్మ సంగతి తెలిసిందా అంది. లేదన్నాను. పేపర్లో ఉన్నదంతా చదివి, తెలుగులో చెప్పాను.

"ఆడదే జరిపించినాదా?"

"అవును పెద్దమ్మా. జడ్జి."

ఆవిడ నవ్వింది. నవ్వు దగ్గుగా మారి, చాలాసేపటికి గానీ తగ్గలేదు. నీళ్ళు తాగి, పేపరును తన వైపు తిప్పుకుని, చదవరాని ఆ అక్షరాల మీద వేలు పెట్టి అడిగింది.

"ఆ జడ్జమ్మ జనాలతో ఏ బాషలో మాట్లాడినాదంట? దొరలదా, వాళ్ళదా?"

"అది ఇందులో రాయలేదు."

"కనుక్కో" అంది.

ఆవిడ బతికుండగా కనుక్కోలేకపోయాను.